కౌంట్ బాగానే ఉందన్నారు, సరిత లేదు

నిన్న సాయంత్రం సరిత వాళ్ల అన్న రాజన్న ఫోన్ చేశాడు.

"చెల్లె పోయింది, పద్మా."

అంతే. కూసుమంచి బస్టాండ్‌లో నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

"తలరాత" అని కామెంట్ పెట్టాలనుకునేవాళ్లు దయచేసి పెట్టకండి.

సరిత నా ఎమ్మెస్సీ రూమ్‌మేట్. చర్ల వైపు అడవి పక్కన ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. పుట్టుకతోనే ఆమెకు గ్లాంజ్‌మన్ అనే జబ్బు. రక్తంలో ప్లేట్‌లెట్లు సరిపడా ఉంటాయి. వాటి మీద ఉండాల్సిన ఇంటెగ్రిన్ అనే ప్రొటీన్ మాత్రం ఉండదు. దెబ్బ తగిలితే రక్తం ఆగదు.

ఒకసారి ఆమె క్లాసుకి వెళ్లాను. పిల్లల్ని వరుసగా నిలబెట్టి, చేతులు ముడుచుకుని వంగమంది.

"మీరు ప్లేట్‌లెట్లు. మీ రెండు చేతులు ఇంటెగ్రిన్. అది రెండు ముక్కలు, రెండూ కలిస్తేనే పని. గాయం కానంతసేపు గట్లనే వంగి ఉంటది."

చప్పట్లు కొట్టింది. "గాయమైంది. లేవుండ్రి."

అందరూ చేతులు చాచి నిటారుగా లేచారు. మధ్యలోకి తువ్వాళ్లు విసిరింది. అవి ఫైబ్రినోజెన్ అట, ప్లేట్‌లెట్లను ఒకదానితో ఒకటి కట్టే దారం లాంటి ప్రొటీన్. ఒక కొన ఒకరు, ఇంకో కొన పక్కవాళ్లు పట్టుకున్నారు. రక్తం తనేనని సరిత ఎంత తోసినా ఆ వరుస దాటలేకపోయింది.

తర్వాత చేతులు వెనక్కి కట్టుకోమని, వాళ్ల మధ్య నుంచి తాపీగా నడిచి వెళ్లింది.

"మంది గంతే ఉన్నరు. పట్టుకునేటోళ్లు లేరు. నా ఒంట్ల గిదే కథ," అని నవ్వింది.

ఇంటర్ పిల్లలకు అర్థమైంది.

నిన్న పొద్దున కాలేజీకి వెళ్తుంటే ఆటో బోల్తా పడింది. తలకి, నోటికి దెబ్బలు. భద్రాచలంలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానాకు తీసుకెళ్లారు. స్పృహలోనే ఉంది. తన జబ్బు పేరు తనే చెప్పింది.

"నొప్పి సూది వద్దు సార్, రక్తం ఇంకా ఎక్కువైతది. ప్లేట్‌లెట్లు ఎక్కించాలె. ఈడ లేకుంటే జల్దీ ఖమ్మం పంపుండ్రి."

డ్యూటీ డాక్టర్ రిపోర్ట్ చూశాడట. "ప్లేట్‌లెట్ కౌంట్ మంచిగనే ఉంది కదమ్మా. డాక్టర్‌వి నువ్వా, నేనా?"

సూది వేశారు. కుట్లు వేశారు. కుట్ల మధ్య నుంచి రక్తం కారుతూనే ఉంది. సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చిన రాజన్న డాక్టర్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. మధ్యాహ్నం దాకా ఉంచుకుని, ఆమె మాట తడబడ్డాక, అప్పుడు రాసిచ్చారు ఖమ్మం తీసుకెళ్లమని.

కొత్తగూడెం దాటాక అంబులెన్స్‌లోనే పోయింది.

కౌంట్ బాగానే ఉంటుందని, అవి పనే చేయవని ఆమె కూడా చెప్పింది కదా. చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది. ఒక్క ఫోన్ చేసి ఎవరినైనా అడిగితే ఏం పోయేది?

ఆ అడవి పక్కన ఉద్యోగం ఎందుకు చేసిందని నన్ను అడుగుతున్నారు. ఆ డాక్టర్‌ని మాత్రం ఎవరూ ఏమీ అడగడం లేదు. రేపు నేనూ, రాజన్నా భద్రాచలంలో ఆ దవాఖానాకు వెళ్లి అడుగుతాం. వచ్చేవాళ్లు రండి.

వెళ్లిరా, సరితా. నీకు శాంతి దొరకాలి.

మాకు ఇప్పుడే వద్దు.