ఎదురుమంట

అడవిని తగలబెట్టించింది మా మండలి సభ్యుడేనని అటవీ దొర నిందించినప్పుడు, ఆ దొర గుమాస్తాగా పక్కనే ఉన్న నేను నిజం చెప్పలేదు.

మద్రాసు శాసనమండలికి వెళ్ళే ఆ సభ్యుడుగారికి, మాట్లాడేముందు తలపాగా కొస వదిలి గాలి చూసే అలవాటు. ఆ వేసవి కార్చిచ్చు డుంబ్రిగుడ మీదికొస్తుంటే, ఎండుగడ్డి ముందే కాల్చి ఎదురుమంట పెడతామన్నారు ఊరివాళ్ళు. చట్టం ఒప్పుకోదన్నాను.

“గుడిసెలు కాలిపోనాక సట్టాన్నేటి సేసుకుంటాం?” అంది ఓ ముసలమ్మ.

సభ్యుడుగారు గాలి చూసి, “బేగి అంటించండర్రా! కేసు నామీద రాత్తారులే గుమస్తాగారు,” అని నవ్వారు. మంటలు రెండూ ఎదురెదురై చల్లారాయి. ఊరు నిలిచింది.

తర్వాత మండలిలో వాదించి, ఏటా వేసవికి ముందే ఊరి చుట్టూ గడ్డి కాల్చుకునే అనుమతి సాధించుకొచ్చారు. డప్పులతో ఊరేగిస్తుంటే ఎదురెళ్ళి, దొర వింటుండగా అన్నాను: “ఊరిని కాపాడింది మీరే బాబూ, కళ్ళారా చూశాను. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. క్షమించండి.”