పెద్దసారు అడిగే రంగు

మా ప్రయోగశాల పెద్దసారుకు ఒకే ఒక్క పిచ్చి. చేతిలో గాజుపలక ఉన్న సీసా పడిందంటే చాలు, ఎదురుపడ్డ ప్రతివాళ్లనూ ఆపి "ఇదేం రంగు?" అని అడగాల్సిందే.

ఆ పలక మీద ఉండేది కరెంటు మోసే రకం ప్లాస్టిక్ పొర. మొదట ఊదాగా ఉంటుంది, కరెంటు దాదాపు పారదు. సీసాలో అయొడిన్ ఆవిరి పట్టిస్తే, ఆ ఆవిరి పొరలోని అణువుల గొలుసుల నుంచి ఎలక్ట్రాన్లు లాగేసుకుంటుంది. మిగిలిన ఖాళీలే గొలుసు వెంట పరుగెత్తి కరెంటు మోస్తాయి. అంతవరకూ కంటికి కనిపించే వెలుగును మింగుతున్న పొర, ఇక కనిపించని పరారుణ కాంతిని మింగసాగుతుంది. అందుకే రంగు వెలిసి లేత నీలమవుతుంది. సరిగ్గా అప్పుడే బయటికి తియ్యాలి, ఆలస్యమైతే పొర పాడు. పూసేదీ, తీసేదీ, రంగు పుస్తకంలో రాసేదీ నేనే. అడిగేది మాత్రం ఆయన.

"ఇదేం రంగమ్మా?" అని నేల తుడిచే ఆవిడను ఆపేవారు.

"ఊదా సార్."

"ఇప్పుడో?"

"ఇంకా ఊదాయే. నన్ను తుడుచుకోనివ్వండి సార్... అయ్యో, నీలమొచ్చేసింది!"

ఆ కేకకు నేను సీసాలోంచి పలకను బయటికి లాగేవాణ్ణి.

ఒకరోజు లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. పరుగున వచ్చిన మెకానిక్‌ను సారు రెక్క పట్టుకుని ఆపారు.

"లోపల డైరెక్టరుగారున్నారు సార్!"

"ఆయనెక్కడికి పోతారు? ముందు రంగు చెప్పు."

చెప్పాకే వదిలారు.

మొన్న తనిఖీకి వచ్చిన అధికారిణినీ వదల్లేదు.

"నన్నడుగుతారేంటండీ? మీకు కనబడదా?"

"మీరు చెబితే వింటాను మేడం."

ఆవిడ పళ్లు కొరుకుతూ "లేత నీలం" అంది. నేను రాసుకున్నాను. వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకు పిలిచింది. "మీ సారుకు రంగులు తెలియవని అందరూ అంటుంటే నమ్మలేదు. రేపు కంటి పరీక్ష పెట్టిస్తాను. తప్పితే ఆ కుర్చీలో ఉండనివ్వను."

 నిజానికి రంగులు తెలియనిది నాకు! నా కంటికి ఎరుపు సరిగా ఆనదు, ఊదా అయినా నీలమైనా ఒకటే. పొర వెలవడం కనబడ్డా, సరిగ్గా నీలమైన క్షణం దొరకదు. ఉద్యోగం పోతుందని ఆరేళ్లుగా దాచాను. సారు అడగ్గా ఎవరో చెప్పేది విని రాసుకుంటూ, ఆయన పిచ్చి నా అదృష్టమని మురిసిపోయాను.

పరుగెత్తుకెళ్లాను. "సార్, ఆ పరీక్షకు మీరు వెళ్లకండి. లోపం నాది!"

"తెలుసు."

"ఏంటీ?"

"చేరిన వారంలోనే నా ఊదా చొక్కా చూసి, నీలం మీకు భలే నప్పింది సార్ అన్నావు."

 "మరి నన్ను పంపెయ్యలేదేం?"

"రంగుదేముంది, దారినపోయేవాణ్ణడిగినా చెబుతాడు. నీలా పొర పుయ్యమంటే ఎవడు పూస్తాడోయ్?"

"అందరూ మీకే కళ్లు సరిగా లేవనుకుంటున్నారు సార్! రేపు పరీక్ష కూడా..."

"పెట్టుకోనీ. నాకు పెడితే పాసవుతాను. నీకు పెడితే?"

మర్నాడు ఆయన ఒక్క తప్పూ చెప్పలేదు. అధికారిణి నోరెళ్లబెట్టింది. "మరి అందర్నీ ఎందుకడుగుతారండీ?"

సారు నావైపు చూడనైనా చూడలేదు. "ఒక్కణ్ణే కూచుని చూస్తుంటే నాకేం తోస్తుంది మేడం?" అన్నారు.