మా అత్తమ్మ కాచిన ప్రొటీన్ పాలు

సహోదరులారా, పసుపు వాసన తగిలితేనే కడుపులో తిప్పి, గడప దాటలేక మంచాన పడిన రోజులు నాకున్నాయి. ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఒక కుప్పగా, గుండ్రటి దుంపల గోళాలు ఒక కుప్పగా ఏరడం నా పని, పెళ్లయి వచ్చినప్పటి నుంచీ మా అత్తమ్మ పక్కనే కూర్చుని చేసిన పని. అలాంటి నాకు టీబీ వచ్చి, మందులు మింగుతున్నా అన్నం లోపల నిలవక, నా చిన్న బిడ్డను ఎత్తుకునే సత్తువ కూడా పోయింది. ప్రొటీన్ ఉన్నదేదైనా పెట్టకపోతే మనిషి దక్కడం కష్టమని దవాఖాన నర్సమ్మ చెప్పింది. గుడ్డు పెడితే వాంతి, పప్పు పెడితే వాంతి. మందుల షాపులో అద్దాల వెనక మెరిసే ప్రొటీన్ డబ్బా మా వంటి వాళ్లకు అందేది కాదు.

అత్తమ్మ నా మంచం పట్టె పట్టుకుని చేసిన ప్రార్థన ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఏసయ్యా, నా కోడలి కడుపుల ఏదన్న ఒక్కటి నిలవనియ్యి. ఇది లేకుంటే యార్డుల నేను ఎవరి పక్కన కూసోవాలె తండ్రీ?"

ఆ రోజుల్లోనే యార్డు గేటు దగ్గరి చాయ్ బండిలో ప్రొటీన్ పాల ప్యాకెట్లు కొత్తగా వచ్చాయి, చిన్నవి, చాయ్ తాగే వాళ్లెవరైనా కొనగలిగినవి. జిమ్ పోరగాళ్ల తాగుడని హమాలీలు నవ్వుతున్నా అత్తమ్మ ఒకటి కొని కొంగున దాచి తెచ్చింది. చల్లగా అలాగే తాగాలని బండివాడు చెప్పాడట. కానీ మా ఇంట్లో జబ్బు మనిషికి పచ్చిపాలు ఎవరిస్తారు? గిన్నెలో పోసి, చిటికెడు పసుపు వేసి కాచింది. అవి కాస్తా ముద్దలు ముద్దలుగా విరిగిపోయాయి.

"దేవుడిచ్చిందాన్ని నా చేతులతోనే పాడు చేసిన బిడ్డా" అని పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది. "పారబొయ్యకు అత్తమ్మా, గట్లనే తే" అన్నాను. చెంచాతో తినిపించింది. ఇద్దరం పక్కనున్న బకెట్ వైపు చూస్తూ కూర్చున్నాం. పసుపు వేసినా వాంతి రాలేదు. చీకటి పడినా రాలేదు. దేవునికే మహిమ!

ఆనాటి నుంచి రోజూ అదే. విరగడంలోనే మందుందని అత్తమ్మ నమ్మకం. నేను కోలుకుని మళ్లీ యార్డులో కూర్చున్నాక ఆడవాళ్లంతా ఏం తాగానని అడిగి, తామూ కొనడం మొదలుపెట్టారు. నవ్విన హమాలీలే బస్తాలు దించి ఆ ప్యాకెట్లు చింపుకుంటున్నారు. "కాయకుంట తాగుతార్రా" అని అత్తమ్మ అందరినీ తిట్టేది. ఒకావిడ ఆ మాట విని కాచి, విరిగిపోయాయని వచ్చి తగాదా పెట్టుకుంది కూడా.

పోయిన పసుపు సీజనులో అత్తమ్మ ప్రభువునందు నిద్రించింది. ఆమె కూర్చునే గోనెసంచి మీద ఇంకొకరిని కూర్చోమనడానికి నాకింకా మనసు రాలేదు.

సహోదరీలారా, మీ ఇంట్లో మంచాన పడిన వాళ్లుంటే మందులు మానకండి, ప్రార్థన మానకండి. చదువు రాని మా అత్తమ్మ మాట విన్న దేవుడు మీ మాటా వింటాడు. యార్డులో నేనూ అందరిలా చల్లగానే తాగుతాను. ఇవాళ మాత్రం ఈ సాక్ష్యం చెప్పి ఇంటికి వెళ్లి ఒక ప్యాకెట్ కాస్తాను, చిటికెడు పసుపు వేసి, విరిగేదాకా.