మొగిలి కాక చెవి

మా మొగిలి కాక ఎవరింటికి వెళ్లినా ముందు తలెత్తి కప్పు చూస్తాడు, ఆ తర్వాతే మనుషుల మొహాలు. ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు, చివరి పద్దెనిమిదేళ్లు సర్దార్‌గా. షిఫ్టుకు బాయిలోకి దిగగానే అందరికన్నా ముందు వెళ్లి కర్రతో పైకప్పు తట్టి, మోత విని, గట్టిగా ఉందంటేనే మిగతావాళ్లు అడుగు వేసేవాళ్లు. ఆయన రిటైరైనా ఆ అనుమానం రిటైర్ కాలేదు. పెళ్లిపందిట్లో గుంజలు ఊపి చూసే మనిషితో వేగలేమని మేం నవ్వుకునేవాళ్లం.

అనుమానం నాకూ ఉంది. కానీ దానికి చెవుల్లేవు.

గోదావరిఖనిలో నాది ఐదు కంప్యూటర్ల ఆన్‌లైన్ సెంటర్. ఆరేళ్లుగా నడిపింది వేణుమాధవ్. "జమునక్కా, ఎవ్వరు కూసోకున్నా మిషిన్ల ఫ్యాన్లు మొత్తుకుంటున్నయ్. లోపల ఏదో నడుస్తున్నది," అని మొదట చెప్పిందీ అతనే. ఆ మాటే నా బుర్ర తొలిచింది. ఇతనికెట్లా తెలుసు? పొద్దున తెరిచేదీ ఇతనే, సాయంత్రం మూసేదీ ఇతనే. దొంగచాటుగా ఇతనే ఏదో నడుపుతున్నాడని తేల్చుకున్నాను. నవంబర్‌లో పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ల కోసం వరస కట్టారు. వేలిముద్ర పెట్టి గంట నిలబడినా తెర కదలదు. వాళ్లందరి ముందే వేణుమాధవ్‌ను దొంగ అన్నాను, తాళాలు అడిగాను. బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నా కోపానికి సిగ్గు లేదు.

మర్నాడు కాక తన సర్టిఫికెట్ కోసం వచ్చాడు. కప్పు చూశాడు. తర్వాత వంగి కంప్యూటర్ డబ్బాకు చెవి పెట్టాడు.

"దీన్ని ఎవ్వలు నడుపుతున్నరు బిడ్డా?"

"ఎవ్వరు లేరు కాకా."

"మరి గింత రొప్పుడెందుకు?"

లోపల ఏ పని ఎంత భారం లాగుతుందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచాను. ఫ్యాన్ వెంటనే మెత్తబడింది. మూశాను. నిమిషంలో మళ్లీ మోత. లోపలున్నదేదో మనం చూస్తున్నామని తెలిసి నక్కుతోంది.

"వేణు కూసునే మిషిన్ చూద్దాం," అన్నాను.

"మందిది ఎనుక. కప్పు తట్టుడు మన నెత్తి మీదికెల్లే షురువు చెయ్యాలె," అన్నాడు కాక, నా బల్ల వైపు నడుస్తూ.

నా కంప్యూటర్‌లో యాంటీవైరస్ ఆపి ఉంది. ఆపింది నేనే. ఎండాకాలంలో తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఊరికే దొరికిందని దించుకున్నాను. యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుతుందని రాసి ఉంటే మారు ఆలోచన లేకుండా ఆపాను. పెన్‌డ్రైవ్‌తో ఐదింటికీ నా చేతులతోనే ఎక్కించాను. ఇప్పుడు యాంటీవైరస్ మళ్లీ వేసి వెతికిస్తే అందులోనే దొరికింది, మొహం తెలియని ఎవడికోసమో నా మిషన్లతో క్రిప్టో నాణేలు తవ్విస్తున్న ప్రోగ్రామ్.

నెట్ వైర్లు పీకేశాను. ఐదింటినీ తుడిచి విండోస్ కొత్తగా వేయించాను, పాస్‌వర్డులన్నీ మార్చాను. తాళాలు పట్టుకుని, కాకను వెంటబెట్టుకుని బసంత్‌నగర్‌లో వేణుమాధవ్ ఇంటికి వెళ్లాను.

"తప్పు నాదే తమ్మీ. నేనే ఎక్కిచ్చిన. మల్ల రా," అన్నాను.

"ముందుగాల చెప్పింది నేనే గదక్కా. చెప్పినందుకే దొంగనైన. రేపు ఇంకోటి కనవడితే చెప్పాల్నా, వద్దా?"

గుత్తి అతని ముందుకు పట్టాను. తాళాల కోసం అతను చెయ్యి చాపలేదు.

"ఓపారి బాయిల మోత మారిందని ముందు చెప్పినోని ఎనకనే మేమందరం బయటపడ్డం బిడ్డా," అన్నాడు కాక.

ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆయన ఒక్కసారి కూడా కప్పు చూడలేదు. నా మొహమే చూస్తున్నాడు.