సొరంగం బయట తడిసిన రోజు

నిరుడు ఎండాకాలంలో మా ఊరి కనుమకు పోయాను. రైళ్లు మానేసిన పాత మీటర్‌గేజి సొరంగం అక్కడుంది. దాన్ని కూల్చకుండా కాపాడమని అర్జీ పెట్టడానికి నాకు ఫొటోలు కావాలి. రిటైరైన గ్యాంగ్‌మన్ ఓబులేసు తోడొచ్చాడు. పట్టాలు పీకేసినా ఆయన ఇప్పటికీ అక్కడ ముళ్లకంప కొట్టి దారి శుభ్రంగా ఉంచుతాడు.

ఉన్నట్టుండి వాన మొదలైంది. సొరంగంలోకి పరుగెత్తబోతే ఓబులేసు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తడిస్తే తడిసినావు, ఈడనే నిలబడుకోమ్మా."

"నూరేండ్లు నిలిచిన సొరంగమన్నా ఇది. నాలుగు చినుకులకే పడతాదా? నేను హిస్టరీ చదివినా."

"నేను ముప్పై ఏండ్లు ఆ రాళ్లను సుత్తితో తట్టి, మోత విన్నోణ్ణి. ఎండకు పగిలిన రాయి తొలి వానకే జారుతాది. అంత సదివినావు, రవ్వంత ఆగలేవా?"

వాన కోసం ఏడాదంతా ఎదురుచూసే మాకు వానంటే భయమేముంటుంది? నేను వాదిస్తూనే ఉన్నాను. ఇంతలో సొరంగం కప్పు నుంచి దూడంత బండ ఊడి, నేను నిలబడదామనుకున్న చోటే పడింది.

"ఇంగ మాట్లాడమ్మా, వింటా" అన్నాడాయన.

ఇది రాయడానికి మిగిలానంటే ఆ చెయ్యి వల్లే. ఇప్పుడు నెలకోసారి కొడవలి పట్టుకుని నేనూ పోతున్నాను. వాదన మానలేదు గానీ, ఆయన ఆగమంటే మాత్రం ఆగుతాను.