బుడి అనే పిలుపు

సుదేష్ణను పుట్టినప్పటినుంచీ ఇంట్లో బుడి అనే పిలిచేవారు. బుడి అంటే ముసలమ్మ. మా బెంగాలీలకి అదో సరదా, ఉయ్యాల్లో పిల్లకి ముసలమ్మ అని పేరు పెట్టి మురిసిపోతాం. పందొమ్మిదో ఏట ఆ పిల్లకి రక్త క్యాన్సర్ వచ్చింది. రెండున్నరేళ్లు రానాఘాట్ నుంచి కలకత్తా ఆసుపత్రికి లోకల్ రైల్లో తిరిగింది. జబ్బు తగ్గింది, కాలేజీలో మళ్లీ చేరింది. అయితే ఆ తిరుగుళ్ల మధ్య ఎప్పుడో వాళ్లమ్మ కరబి ఆ పేరుతో పిలవడం మానేసింది.

"నేను ముసలిదాన్నయ్యేదాకా బతుకుతానని అమ్మకి నమ్మకం లేదు, దిదిమణీ" అంది సుదేష్ణ నాతో ఒకసారి.

"అడిగెయ్యవే మరి."

"అవునంటే?"

నేను రిటైరైన పంతులమ్మని, అందుకే ఈ దిదిమణి పిలుపు. చికిత్స ముగిసిన కుర్రకారుని ఆ ఆసుపత్రిలోనే నెలకోసారి కూర్చోబెట్టి రాయిస్తాను. నోటితో అనలేనిది కాగితం మీద పెట్టమంటాను, అక్షరదోషాలకి మాత్రం తిడతాను. రాసినవి అట్ట మీద అతికించి వరండాలో గోడపత్రిక పెడతాం. సుదేష్ణ ఆ సంగతే రాసి, కింద పూర్తి పేరు పెట్టింది. వాళ్లమ్మ ఎప్పుడూ కింద మందుల కొట్టు దగ్గరే కూర్చుంటుంది, పైకి రాదు.

ఆ రోజు వచ్చి గోడపత్రిక ముందు నిలబడింది.

"చింపేస్తా దాన్ని!" అంటూ సుదేష్ణ గోడవైపు దూకబోయింది. రెక్క పట్టుకుని ఆపాను. ఆ హక్కు నాకెవరిచ్చారో తెలియదు. కరబి మెల్లగా చదివే మనిషి. ఒక్కో వరుస మీద వేలు జరుగుతోంది. చివరికొచ్చి మళ్లీ మొదటికి వెళ్లింది.

"ఎవరు రాయించారిది?"

"నేనే" అన్నాను.

నావైపు చూడనైనా లేదు. కూతురితో అంది: "అప్పుడు నీ నెత్తిన వెంట్రుక లేదు. నడుం వంగిపోయి గోడ పట్టుకు నడిచేదానివి. నిజం ముసల్దానిలా ఉన్న పిల్లని ఆ పేరెట్టి ఎలా పిలవనే? నోరెలా వస్తుంది నాకు?"

"నేనింకేదో అనుకున్నా అమ్మా."

"అనుకుంటావు. చదువుకున్నదానివి కదా."

కరబి సంచీ భుజానికి తగిలించుకుంది. కూతురి పొట్టి జుట్టు పట్టుకుని గట్టిగా ఒక్క గుంజు గుంజింది. ఒక్క వెంట్రుకా చేతికి రాలేదు.

"లోకల్ పోతుంది. నడవ్వే, బుడీ."

సుదేష్ణ ముక్కు తుడుచుకుని, అక్కడికక్కడే నడుం వంచింది. "చెయ్యి పట్టుకో మరి. ముసలిదాన్ని."