వెనిస్‌కు అష్టమి ముహూర్తం

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోనులో వెనిస్ నగరం చూపించి, ఈ వేసవిలో అత్తను కూడా తీసుకుని అక్కడికి పోదాం నాన్నా అన్నప్పుడు, ముందు నాకు ఆ పాత మేడలూ, మెట్లదాకా వచ్చిన నీళ్లూ, పడవ వెనక నిలబడి ఒంటి తెడ్డు వేసే మనిషీ కనిపించారు గానీ, కాసేపటికి కనిపించింది మాత్రం మైపాడు ఇసుకలో కూర్చున్న పదమూడేళ్ల మా అక్క.

మాది సముద్రం ఒడ్డున మైపాడులో చేపలవేట ఇల్లు. నేను నాలుగక్షరాలు నేర్చుకుని, నెల్లూరులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరై, నీళ్ల సంగతి మరిచిపోయినవాణ్ణి. అక్క మాత్రం ఇప్పటికీ ఊళ్లోనే ఉంది. కొడుకుల పడవ ఒడ్డుకొస్తే చేప వేలం దగ్గర తాను నిలబడనిదే తోచదు ఆమెకు. అందుకని సముద్రంలో వేట నిషేధం ఉండే రోజులు చూసి, నేనేమో వెన్నెల్లో ఆ నీళ్లు చూడాలన్న సరదాతో, సరిగ్గా పౌర్ణమికి వెనిస్‌లో దిగేటట్టు, నీళ్ల పక్కనే కింది అంతస్తులో గది మాట్లాడమన్నాను.

అది విని అక్క పగలబడి నవ్వింది. “ఏందిరా అబ్బయా, పున్నమికి పోటు ఎంత లేస్తాదో కూడా మరిచిపోయినావా? నీళ్లొచ్చి మంచం కిందికి దూరితే వల ఏస్తావా?” అంది. అమ్మాయి వెతికి చూస్తే, పోటు మరీ ఎక్కువైతే ఆ నగరంలో వీధులకు వీధులే మునుగుతాయట! ప్రయాణానికి అష్టమి పనికిరాదని లోకమంతా అంటుంది గానీ, పోటు తగ్గి నీళ్లు బుద్ధిగా ఉండేది ఆ తిథికేనని, అక్క పట్టుబట్టి గదిని అష్టమికి మార్పించింది, అదీ పై అంతస్తులో.

ప్రయాణం కట్టడంలో ఆమె దిట్ట అని నాకు చిన్నప్పుడే తెలుసు. మా నాయన మమ్మల్నిద్దరినీ మద్రాసు తీసుకుపోతానని మాటిచ్చిన ఏడు, అక్క నెలరోజులపాటు పడవ నీడన కూర్చుని, ఏ బస్సు ఎక్కాలో, పులిహోర ఎంత కలపాలో, రైల్లో నన్ను ఏ వైపు కూర్చోబెట్టాలో అన్నీ తేల్చింది. తీరా ప్రయాణం రేపనగా వలనిండా నెత్తళ్లు పడ్డాయి. ఇసుకలో అంత చేప ఆరబోసి, అమ్మ ఒక్కదాన్నే వదిలి పోతే కాకులు మిగలనిస్తాయా? ఎవరో ఒకరు ఉండాలి. నాయన నోరు తెరవకముందే అక్క కర్ర పట్టుకుని చేపల పక్కన కూర్చుంది. నేను వెనక్కి తిరిగైనా చూడకుండా బస్సెక్కాను. ఏడేళ్లవాడికి ఏం తెలుసులే అని మీరంటారు. అక్క ఏడుస్తోందని నాకు తెలుసు, తెలిసే ఎక్కాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

తిరిగొచ్చాక మూడురోజులు నన్ను కదలనివ్వకుండా లైట్‌హౌసూ, రెండంతస్తుల బస్సూ, అన్నీ చెప్పించుకుంది. నాలుగోరోజు చేపలు తిరగేస్తూ, పక్కింటి ఆడవాళ్లకు అవే సంగతులు తానే చూసొచ్చినట్టు, నాకంటే బాగా చెప్పింది. వాళ్లు నమ్మారు కూడా! నాయన విని నవ్వి, మళ్లీ తీసుకుపోతానన్నాడు గానీ ఆ మళ్లీ రానేలేదు. అమ్మ మంచాన పడింది, ఆ తర్వాత అక్కకు సంసారం, పిల్లలు. ప్రతిసారీ ఎవరో ఒకరు ఉండాల్సి వచ్చేది, ఆ ఎవరో ఒకరు అక్కే అయ్యేది.

అందుకే అక్క పాస్‌పోర్టు చేతికొచ్చినా నాకు ధైర్యం లేదు. ఈసారి కూడా ఆమె ఆగిపోతే, మిగిలిన ఆయుష్షులో నేను ఆమెకు ఏ ఊరూ చూపించలేను. నిన్న ఆటోలో మైపాడు పోయి టికెట్లు చూపించాను. అక్క నింపాదిగా అన్నీ విని, ఎండుచేపలు తీసుకుపోనిస్తారో లేదో కనుక్కోమని చెప్పి, ఆఖరున మెల్లగా, “అంతా బాగుండాది గానీ, ఇల్లెవురు చూస్తారు?” అంది.

నేను టికెట్లు మడిచి జేబులో పెట్టుకోబోయాను. పక్కింట్లో వేరు కాపురముంటున్న ఆమె పెద్ద కొడుకు అరుగుమీద వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తకుండానే, “తాళం చూసుకుంటాది లేమ్మా,” అన్నాడు.

అక్క లేచి లోపలికి పోయి, చీరలు తీసి మంచం మీద పేర్చడం మొదలుపెట్టింది. నాకు సంతోషంతో కళ్లు తడిశాయి. మన రోజుల్లో ఇళ్లకు తాళాలే ఉండేవి కావని మనమంతా ఎంతో గొప్పగా చెప్పుకుంటాం. ఆ తాళం బదులు ఎవర్ని కూర్చోబెట్టి పోయామో మాత్రం చెప్పుకోం.